బొందలగడ్డకు శాసనం ఏది? – బొల్లారం పరిసర శ్మశానాల నమోదుపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం

తెలుగు నేల మీది పాత సమాధులను నమోదు చేసే పని మొదలై నూట పాతికేళ్లు దాటింది. ఆ పని తొలినుంచీ సమాధి మీది అక్షరాన్ని పట్టుకొని నడిచింది. అక్షరం లేని సమాధికి అందులో చోటు దొరకలేదు. సికింద్రాబాదు బొల్లారం పరిసరాలను ఆధారంగా తీసుకొని సమాధి శాసనాల జాబితాలను, గుఱ్ఱం జాషువ ‘శ్మశానవాటి’ ఖండికను, హస్మత్‌పేట బృహత్ శిలా సమాధులను, పల్లె బొందలగడ్డలను పక్కపక్కన పెట్టి చదివే ప్రయత్నం ఈ వ్యాసం. పేరు లేనిచోట పనిముట్టు, బంధుత్వం, ఆచారం కూడా నమోదుకు తగిన ఆధారాలేనని, వాటిని విడిచిపెట్టిన పట్టిక శ్మశానాన్ని కాపాడలేదని ఇందులో ప్రతిపాదిస్తున్నాను.

కీలక పదాలు: శ్మశానం, బొందలగడ్డ, సమాధి శాసనం, జాషువ, రాకాసి గుళ్ళు, బొల్లారం, పహాణీ, వారసత్వం.

ఉపోద్ఘాతం

బొల్లారం పేరుతో రెండు ఊళ్లున్నాయి. సంగారెడ్డి జిల్లాలో పారిశ్రామికవాడగా పేరుపడిన బొల్లారం ఒకటి. ఈ వ్యాసంలో ప్రస్తావించేది అది కాదు. సికింద్రాబాదుకు ఉత్తరాన, అల్వాల్‌ను ఆనుకొని ఉన్న పాత కంటోన్మెంటు బొల్లారం ఇక్కడి విషయం. నిజాం ఖజానా నుంచి జీతాలు అందుకుంటూ బ్రిటిష్ అధికారుల ఆజ్ఞల్లో నడిచిన హైదరాబాదు కాంటింజెంట్ సైన్యానికి ఇది ముఖ్య స్థావరం. 1847 నాటి హోలీ ట్రినిటీ చర్చి ఇక్కడే ఉంది. 1983 నవంబరులో భారత పర్యటనకు వచ్చిన రెండవ ఎలిజబెత్ రాణి తన పెళ్ళిరోజున ప్రార్థనకు వెళ్లింది ఈ చర్చికే. 1860లో కట్టిన రెసిడెంటు విడిది భవనం 1950 తరువాత రాష్ట్రపతి నిలయమైంది. ఊరి చరిత్ర రాసేవారు సాధారణంగా ఈ మూడు నాలుగు విషయాలతో ఆగిపోతారు.

శ్మశానాల వైపునుంచి చూస్తే ఇదే ఊరు వేరుగా కనిపిస్తుంది. కొద్ది కిలోమీటర్ల పరిధిలో మూడు రకాల ఖనన స్థలాలు ఇక్కడ కలుస్తాయి. కంటోన్మెంటు కాలపు యూరోపియన్ సమాధులు మొదటివి. వాటి మీద పేరు, హోదా, పల్టన్, వయసు, చనిపోయిన తేదీ చెక్కి ఉంటాయి. రెండవవి హస్మత్‌పేటలోని ఇనుపయుగపు రాతివలయాలు. వాటి మీద ఏ అక్షరమూ లేదు. మూడవవి ఒకప్పటి పల్లెలకు చెందిన బొందలగడ్డలు. ఆ పల్లెలు నగరంలో కలిసిపోయాయి. గడ్డలు మాత్రం కాలనీల నడుమ, రైలుపట్టాల పక్కన, చెరువుల అంచున ముక్కలుముక్కలుగా మిగిలాయి. వాటి మీద కూడా అక్షరం లేదు.

మొదటి రకానికి పుస్తకాలున్నాయి. రెండవదానికి పురావస్తు శాఖ ఉంది. మూడవదానికి ఎవరున్నారు అన్న ప్రశ్న నన్ను ఈ వ్యాసానికి పురికొల్పింది. అయితే దీన్ని పరిపాలనకు సంబంధించిన ప్రశ్నగా కాక ముందుగా పఠనానికి సంబంధించిన ప్రశ్నగా తీసుకుంటున్నాను. ఒక సమాధిని మనం దేన్నిబట్టి చదువుతున్నాం? చదవడానికి వీల్లేదని దేన్ని పక్కన పెడుతున్నాం?

జాబితా అనే ప్రక్రియ

1897లో అలెగ్జాండర్ రీ మద్రాసు ప్రెసిడెన్సీలోని డచ్చి ఈస్టిండియా కంపెనీ స్మారక అవశేషాలపై పుస్తకం వెలువరించాడు. మచిలీపట్నం, భీమునిపట్నం, పులికాట్ సమాధులకు శాస్త్రీయమైన నమోదు దానితో దొరికింది. 1905లో జూలియన్ జేమ్స్ కాటన్ మద్రాసు ప్రెసిడెన్సీ సమాధి శాసనాల జాబితాను ప్రకటించాడు. నిజాం రాజ్యానికి సంబంధించి అదే పనిని ఒ. ఎస్. క్రాఫ్టన్ చేశాడు. అతని జాబితా 1941లో హైదరాబాదులో అచ్చయింది. ఈ ప్రాంతపు యూరోపియన్ సమాధుల గురించి వెతికే ప్రతి పరిశోధకుడూ ఈనాటికీ క్రాఫ్టన్ దగ్గరే మొదలుపెట్టవలసి ఉంటుంది.

ఈ గ్రంథాలను ఆకరాలుగా వాడుకోవడం మనకు అలవాటే గాని, వాటిని రచనలుగా చదవడం అలవాటు లేదు. నిజానికి అవి కూడా ఒక ప్రక్రియకు చెందినవే. ఊరు, సమాధి రకం, శాసన పాఠం, తరువాత మరణించిన వ్యక్తిపై జీవిత సూచిక – ఇదీ ఆరోపం నిర్మాణం. పద్దుకు ప్రాణం శాసన పాఠమే. పాఠం ఉంటే జీవిత సూచిక పెరుగుతుంది: ఏ యుద్ధంలో పాల్గొన్నాడు, ఎవరి అల్లుడు, ఏ పదవికి ఎదిగాడు. పాఠం చెరిగిపోతే పద్దు కుంచించుకుపోతుంది. పాఠమే లేకపోతే పద్దే లేదు. గ్రంథనామాల్లోనే ఈ పరిమితి దాగి ఉంది. అవి సమాధుల జాబితాలు కావు, సమాధి శాసనాల జాబితాలు. ఆ సంగతిని ఆ రచయితలు దాచలేదు. తరువాతి వాళ్లమే శాసనాల జాబితాను శ్మశానాల జాబితాగా పొరబడ్డాం.

దీని ఫలితం బొల్లారం విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. కాంటింజెంట్‌లో అధికారులు కొద్దిమంది, సిపాయిలు వేలమంది. వారితోపాటు గుర్రాల కాపరులు, వంటవాళ్లు, నీళ్లు మోసే భిస్తీలు, చాకళ్లు, కూలీలు, వాళ్ల కుటుంబాలు. కలరా వచ్చినప్పుడు హోదా చూసి రాలేదు. ఒకే వారంలో ఒకే వ్యాధితో పోయినవాళ్లలో ఒకరికి పాలరాతి పలక, జీవిత సూచిక దక్కాయి. మరొకరికి మట్టికుప్ప, దాని మీద ముళ్లకంప దక్కాయి. ముళ్లకంప కూడా ఒక రక్షణే. నక్కలు తవ్వకుండా వేసేది. కాని అది ఒక వానాకాలానికి మించి నిలవదు.

అక్షరం ఉన్న సమాధి శాశ్వతమని కూడా అనుకోవడానికి లేదు. పాలరాతిలో గాడి తీసి సీసం పోసి చేసిన అక్షరాలు ఊడిపోతాయి, కొన్నిచోట్ల సీసం కోసం పెకలించుకుపోతారు కూడా. అప్పుడు అక్షరాల్ని పట్టి ఉంచిన చిన్న రంధ్రాల వరుసను బట్టి పేరును ఊహించుకోవాలి. పొద్దున లేక సాయంత్రం ఏటవాలు వెలుగులో చూస్తే తప్ప ఆ పేరు పలకదు. పేర్లు రాయినుంచి కాగితానికి, కాగితంనుంచి గోడకు వలసపోవడం కూడా ఉంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో మనదేశంలో చనిపోయి పలు కంటోన్మెంటు, పౌర శ్మశానాల్లో ఖననమైన సైనికుల సమాధులను నిర్వహించడం సాధ్యం కాక, వారి పేర్లను పుణె దగ్గరి కిర్కీలోను, మద్రాసులోను స్మారక ఫలకాల మీద చెక్కించారు. కిర్కీ స్మారకంలో 1,800కు పైగా పేర్లున్నాయి. అంటే రక్షించినది పేరును. సమాధిని దాని చోటుకే వదిలివేశారు. అక్షర కేంద్రితమైన దృష్టికి ఇది సహజమైన ముగింపు. పేరు భద్రంగా ఉంటే చోటు పోయినా పరవాలేదన్న భావన అందులో ఉంది.

1976లో థియోన్ విల్కిన్సన్ చొరవతో దక్షిణాసియాలోని బ్రిటిష్ శ్మశానాల కోసం ఒక సంఘం ఏర్పడింది. అది సేకరించిన సమాచారం లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఈ కృషిని వలసవాద వ్యామోహమని కొట్టివేయడం తేలిక. నేను ఆ పని చేయను. తమవాళ్ల సమాధుల కోసం వాళ్లు పడిన శ్రమలో పదోవంతు మనవాళ్ల సమాధుల కోసం మనం పడలేదన్నది కూడా నిజమే కదా.

‘శ్మశానవాటి’: పేరు బదులు పనిముట్టు

తెలుగులో శ్మశానం గురించి ఎవరు మాట్లాడినా జాషువ దగ్గరికి రాక తప్పదు. ‘ఖండకావ్యము’లోని ‘శ్మశానవాటి’ పద్యాలు పుస్తకం దాటి హరిశ్చంద్ర నాటకంలోని కాటిసీనులో చేరి, అక్షరం రానివాళ్ల నోళ్లలో కూడా నిలిచాయి. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలో లేని ఈ పద్యాలను నటులు తెచ్చి చేర్చుకున్నారు. ఊళ్లో రాత్రంతా నాటకం చూసినవాళ్లకు అవి జాషువ పద్యాలో బలిజేపల్లి పద్యాలో తెలియదు, తెలియవలసిన అవసరమూ పడలేదు. ఒక విధంగా ఆ పద్యాలు కూడా పేరు చెరిగిన సమాధుల్లా జనంలో కలిసిపోయాయి.

ఈ ఖండికను థామస్ గ్రే 1751లో ప్రకటించిన పల్లె శ్మశాన గీతంతో పోల్చడం విమర్శకులకు పరిపాటి. పోలిక ఉంది. మరణం ముందు రాజూ పేదా ఒకటేనన్న భావం రెండింటికీ సమానం. నాకు ముఖ్యమనిపించే తేడా మరొకటి. గ్రే గీతం ముగింపులో ఒక సమాధి శాసనం వస్తుంది. అనామకులైన పల్లెవాసుల గురించి అంతసేపు చెప్పిన కవి చివరికి రాతిపలక మీది అక్షరాల దగ్గరికి చేరుకుంటాడు. జాషువ ఖండికలో అటువంటి శాసనం లేదు. మహాకవుల ప్రస్తావన వచ్చినా అది మట్టిలో కలిసి కుమ్మరి సారె మీదికి ఎక్కిన దేహాలుగానే వస్తుంది. ఫలానావాడి సమాధి ఇది అని వేలు పెట్టి చూపే చోటు ఒక్కటి కూడా లేదు.

మరి ఆ శ్మశానంలో ఉన్నదెవరో మనకెలా తెలుస్తున్నది? వస్తువులను బట్టి. కవిని అతని కలంతో, చిత్రకారుణ్ణి కుంచెతో, రాజును అధికార ముద్రికతో, కొత్త ఇల్లాలిని నల్లపూసలతో గుర్తుపట్టిస్తాడు. ప్రతి మనిషీ తాను చేసిన పని ద్వారా, తనకున్న సంబంధం ద్వారా తెలుస్తాడు తప్ప పేరు ద్వారా కాదు. మరో పద్యంలో కొత్త సమాధి మీది దీపం ఉంది. ఆముదం అయిపోయినా అది ఆరడం లేదు. అది దీపం కాదు, బిడ్డను పోగొట్టుకొన్న తల్లి విడిచిపోయిన గుండె అంటాడు. అక్కడ పడుకున్న బిడ్డ పేరు లేదు, తల్లి పేరూ లేదు. ఉన్నది ఆ ఇద్దరి మధ్య సంబంధం. జాబితాకర్తల పద్దుతో దీన్ని పోల్చి చూడాలి. అక్కడ పేరు, తేదీ, హోదా ఉంటాయి. పలకను వేయించినవారి ప్రస్తావన శాసనంలో ఉంటే తప్ప దుఃఖించిన మనిషి ఉండదు.

అస్పృశ్యత అడుగుపెట్టలేని చోటు ఇదొక్కటేనని జాషువ చెప్పిన మాటను చాలామంది వేదాంతంగా చదివారు. నాకు అది వేదాంతంగా అనిపించదు. వినుకొండలో పుట్టి, అంటరానితనాన్ని ప్రతి మలుపులోనూ ఎదుర్కొన్న కవికి పల్లెల్లో శ్మశానాలు కూడా కులాలవారీగా విడిపోయి ఉంటాయన్న సంగతి తెలియకుండా ఉండదు. మాలల బొందలగడ్డ వేరు, మాదిగల గడ్డ వేరు, ఊరివాళ్ల కాడు వేరు. అగ్రకులపు శవం నడిచే దారిలో దళితుల శవాన్ని నడవనివ్వని ఊళ్లు ఉన్నాయి. కాబట్టి ఆ పద్యంలోని సమానత్వం నేల మీది వర్ణన కాదు, నేల లోపలి వర్ణన. నేలపైన లేనిదాన్ని నేల కిందికి వెళ్లి చూపించవలసి వచ్చిందన్న ఆగ్రహం అందులో వినిపిస్తుంది.

అయితే ఈ ఖండికకు ఒక పరిమితి ఉంది. అభిమానం కొద్దీ దాన్ని దాటవేయడం సరికాదు. ఇందులో నిప్పులు, గంగ, సమాధి మూడూ కలిసే ఉన్నాయి. దహనం చేసేవారి కాడు, ఖననం చేసేవారి గడ్డ ఒకే స్థలంగా మారాయి. ఇది ఏ ఊరి శ్మశానం అని అడిగితే జవాబు లేదు. అందరికీ చెందాలంటే దానికి ఊరు ఉండకూడదన్నది కవి ఎంపిక. కవితకు అది బలమే. కాని బుల్డోజరు ముందు నిలబడవలసిన గడ్డకు సర్వే నంబరు కావాలి. జాబితాకర్తల దగ్గర చిరునామా ఉంది, సంబంధం లేదు. జాషువ దగ్గర సంబంధం ఉంది, చిరునామా లేదు. పల్లె శ్మశానాన్ని నమోదు చేయడానికి పూనుకున్నవాడు ఈ రెండింటి మధ్య ఎక్కడో నిలబడాలి.

రాకాసి గుళ్ళు

బొల్లారానికి దగ్గరలోనే ఉన్న హస్మత్‌పేట సమాధులు ఈ చర్చలో ఊహించని సాక్ష్యం ఇస్తాయి. గుండ్రంగా పేర్చిన పెద్దరాళ్లు, నడుమ రాళ్లకుప్ప, అడుగున రాతిపలకల పెట్టె – ఇటువంటివి తెలంగాణ అంతటా వేలసంఖ్యలో ఉన్నాయి. జనం వీటిని రాకాసి గుళ్ళనీ, పాండవుల గుళ్ళనీ పిలుస్తారు. ఇంత బరువైన రాళ్లను మనుషులు ఎత్తలేరన్న విస్మయం మొదటి పేరులో ఉంది. శతపథ బ్రాహ్మణంలో శ్మశానం ఆకారం గురించి ఒక ప్రస్తావన ఉంది: దేవతల పక్షంవారిది నలుచదరం, అసుర పక్షంవారిది గుండ్రం. ఆ గ్రంథకర్తకు తెలిసిన ప్రాంతం వేరు, మన రాతివలయాలు వేరు. రెండింటినీ ముడిపెట్టి సిద్ధాంతం చేయబోవడం లేదు. అయినా గుండ్రని సమాధిని పరాయివాళ్లకు, మానవేతరులకు అంటగట్టే అలవాటు రెండుచోట్లా కనిపించడం గమనించదగ్గది.

కాంటింజెంట్ అధికారుల్లో ఒకడైన మెడోస్ టేలర్ షోరాపూర్ ప్రాంతంలో ఇటువంటి సమాధులను తవ్వి వర్ణించాడు. హైదరాబాదు చుట్టుపక్కల సమాధుల గురించి ఇ. హెచ్. హంట్ 1924లో వ్యాసం ప్రకటించాడు. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖను ఏర్పాటు చేసి గులాం యజ్దానీని అధిపతిగా నియమించిన తరువాత ఈ అధ్యయనం స్థిరపడింది. ఇటీవలి కాలంలో ఆచార్య కె. పి. రావు హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆవరణలోని సమాధులను, ముడుమాల్ నిలువురాళ్లను అధ్యయనం చేశారు.

అక్షరం లేని ఈ సమాధుల్లో తవ్వకందారులకు దొరికిందేమిటి? ఎరుపు నలుపు రంగుల కుండలు, ఇనుప కత్తులు, గొడ్డళ్లు, బల్లేలు, పూసలు. ఇక్కడ కూడా మనిషిని గుర్తుపట్టడానికి మిగిలింది పనిముట్టూ నగానే. జాషువ కలాన్ని, కుంచెను, నల్లపూసలను ఏరుకున్న పద్ధతికీ దీనికీ పోలిక యాదృచ్ఛికమే కావచ్చు. కాని పేరు లేని మనిషిని చదవడానికి విద్యా ప్రపంచం ఒక పద్ధతిని ఇప్పటికే అంగీకరించిందని ఇది రుజువు చేస్తుంది. రెండున్నర మూడువేల ఏళ్ల కిందటి అనామకుడి విషయంలో ఒప్పుకున్న పద్ధతిని, నూరేళ్ల కిందటి అనామకుడి విషయంలో ఎందుకు ఒప్పుకోం? పక్కనే ఉన్న గడ్డలోని బొంద మీద బోర్లించిన కుండ, విరిగిన మంచం పట్టె, నాటిన రాయి మనకు ఆధారాలుగా ఎందుకు కనబడవు?

హస్మత్‌పేట స్థలం రాష్ట్ర రక్షిత కట్టడాల జాబితాలో ఉంది. అయినా చుట్టూ కాలనీలు కమ్ముకొచ్చాయి. రక్షితమని రాసిన బోర్డు ఉన్నచోటే పరిస్థితి ఇది అయితే బోర్డు లేనిచోటు గురించి చెప్పేదేముంది.

బొందలగడ్డ భాష

శ్మశానానికి తెలుగులో మాటలకు కొదవ లేదు: కాడు, వల్లకాడు, రుద్రభూమి, మరుభూమి, పరేతభూమి. తెలంగాణ పల్లెల్లో బొంద అంటే సమాధి, బొందలగడ్డ అంటే ఖనన స్థలం. ముస్లింలది ఖబరస్తాన్, క్రైస్తవులది సమాధుల తోట. శ్మశాన శబ్దానికి యాస్కుడు చెప్పిన వ్యుత్పత్తి ‘శరీరం శయనించే చోటు’ అని. ఆ అర్థంలో అది కాల్చే చోటుకన్నా పూడ్చే చోటుకే దగ్గర. ఇప్పటి వాడుకలో మాత్రం శ్మశానం అనగానే చితి గుర్తుకొస్తుంది. బొందలగడ్డ అనే మాట పుస్తకాల్లోకి రాకుండా ఉండిపోయింది. అధికార పత్రాల్లోకి కూడా అరుదుగానే వచ్చింది.

ఎవరు కాలుస్తారు, ఎవరు పూడుస్తారు అన్నది కులాన్ని, మతాన్ని బట్టి మారుతుంది. ముస్లింలు, క్రైస్తవులు, అనేక దళిత, వెనుకబడిన కులాలవారు పూడుస్తారు. వీరశైవులు, జంగములు కూర్చోబెట్టి సమాధి చేస్తారు. కాల్చే కులాల్లో కూడా పసిబిడ్డలను పూడ్చడమే ఆచారం. కాబట్టి బొందలగడ్డ పేదకులాల చరిత్రతో పాటు అన్ని కులాల పసిపిల్లల చరిత్ర కూడా.

అక్కడ అక్షరం లేకపోయినా జ్ఞాపకం లేదనడానికి వీల్లేదు. మూడోనాడు పిట్టకు పెట్టడం, దినాలు చేయడం, పెత్రమాసనాడు పెద్దలకు బియ్యమివ్వడం – ఇవన్నీ చచ్చిపోయినవారి పేర్లను ఏటా ఒకసారి నోటితో పలికించే ఏర్పాట్లు. శాసనాన్ని రాతిలో కాక రివాజులో నిలిపారు. రాయి చెరిగితే ఆ అక్షరాన్ని ఊహించవచ్చు. రివాజు ఆగితే ఊహించడానికి రంధ్రాలు కూడా మిగలవు.

పరిశోధన వ్యాసంలో సొంత సంగతి ప్రస్తావించడానికి కొంత సంకోచిస్తున్నాను. కాని దాచితే ఈ వ్యాసం ఎక్కడ పుట్టిందో దాచినట్టవుతుంది. మా నాయనమ్మ బొంద మా ఊరి గడ్డలో ఒక వేపచెట్టుకు తూర్పున, మూడు రాళ్లు పెట్టిన చోట ఉండేది. పెత్రమాసకు ఊరికి వెళ్లినప్పుడు మా నాన్న నన్ను వెంటబెట్టుకొని వెళ్లి, ‘ఈడ నడువకు బిడ్డా, మీ నాయనమ్మ తలాపు’ అనేవాడు. కొన్నేళ్ల కిందట గడ్డను చదును చేశారు. వేపచెట్టు పోయింది, రాళ్లు పోయాయి. మరుసటి పెత్రమాసకు మా నాన్న చదునైన నేల మీద చాలాసేపు తిరిగి, చివరికి గోడపక్కన ఒకచోట ఆకు పెట్టాడు. అది సరైన చోటేనా అని నేనడగలేదు. సమాధి శాసనాల మీద నేను చదివిన పుస్తకాల్లో ఆ చోటును తిరిగి కనుక్కొనే ఉపాయం ఒక్కటి కూడా లేదు. వేపచెట్టు, తూర్పు, మూడు రాళ్లు అన్న మూడు మాటలను ఎవరైనా ఒక కాగితం మీద రాసిపెట్టి ఉంటే సరిపోయేది. తెలుగులో పరిశోధన చేస్తున్న నేనే రాసి ఉండవలసింది.

చట్టం, పహాణీ, వైకుంఠం

1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టంలో ప్రాచీన కట్టడం అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో ఖనన స్థలం కూడా స్పష్టంగా ఉంది. చారిత్రకమైన, పురావస్తుపరమైన లేదా కళాత్మకమైన విశిష్టత ఉండి, నూరేళ్లకు తక్కువ కాని వయసుంటే చాలు. ఆ నిర్వచనంలో శాసనం ఉండి తీరాలన్న షరతు లేదు. 2017లో తెలంగాణకు సొంత వారసత్వ చట్టం కూడా వచ్చింది. చట్టంలో ఉన్న వెసులుబాటు వాడుకలో లేకపోవడానికి కారణం మళ్లీ అక్షరమే. నూరేళ్ల వయసును రుజువు చేయాలి. చెక్కిన తేదీ ఉన్నచోట రుజువు రాయి మీదే ఉంటుంది. తేదీ లేనిచోట ఎవరు రుజువు చేస్తారు?

ఇక్కడ రెవెన్యూ దస్తావేజులు అక్కరకొస్తాయి. సేత్వార్, పహాణీ, ముఖ్యంగా 1954–55 నాటి ఖాస్రా పహాణీ, గ్రామ నక్షా – వీటిలో శ్మశానమని రాసి ఉంటే ఆ గడ్డకు అదే శాసనం. రాసి లేని గడ్డలు ఎన్నో. సర్కారీ భూమిగానో, ఎవరో పట్టాదారు చేనులో భాగంగానో నమోదై ఉంటాయి. తరతరాలుగా అక్కడ పూడుస్తున్నారన్న సంగతి ఊరందరికీ తెలిసిన నిజం కనుకే దాన్ని రాయించాలని ఎవరికీ తోచలేదు. ఊరు నగరమై, భూమి ధర పెరిగి, తెలిసిన ముసలివాళ్లు పోయాక ఆ నిజానికి సాక్షి ఉండడు. బొల్లారం, అల్వాల్ వైపు పాత పల్లెలకు ఈ చిక్కు మరింత ఎక్కువ. ఒక పక్క కంటోన్మెంటు భూమి, మరో పక్క నగరపాలక పరిధి, మధ్యలో పాత గ్రామ రికార్డు.

పల్లెప్రగతిలో భాగంగా తెలంగాణ గ్రామ పంచాయతీల్లో వైకుంఠధామాలు కట్టించారు. వాన పడితే శవాన్ని దహనం చేయడానికి చోటులేని ఊళ్లలో అది నిజమైన మేలే. విమర్శకుడిగా నాకు అభ్యంతరం ఆ కట్టడం రూపం మీద, పేరు మీద. రూపానికి కేంద్రం దహన వేదిక. పూడ్చేవారి ఆచారానికి అందులో రెండవ స్థానమే. పేరు చూస్తే చనిపోయిన ప్రతివాణ్ణీ వైకుంఠానికి పంపుతున్నది. లింగైక్యమయ్యే జంగమయ్య అక్కడికి వెళ్లడానికి ఒప్పుకుంటాడా అన్నది వేరే సంగతి. ఒక నమూనా, ఒక పేరు అన్ని ఊళ్లకూ వచ్చినప్పుడు పాత గడ్డకు ఉన్న సొంత పేరు – ఫలానా చింతకింది గడ్డ, ఫలానా వాగొడ్డు గడ్డ – మొదట మాటలోనుంచి, తరువాత నేల మీదనుంచి పోతుంది.

పోతే ఏమవుతుందన్న ప్రశ్నకు ఇటీవలి జవాబు పక్క రాష్ట్రంలో ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో ఒక క్రైస్తవ పాస్టరును సొంత ఊళ్లో పూడ్చడానికి అడ్డు చెప్పడంతో వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 2025 జనవరిలో ఇద్దరు న్యాయమూర్తులు భిన్నాభిప్రాయాలు వెలిబుచ్చారు. చివరికి మరోచోట ఉన్న క్రైస్తవ శ్మశానంలో ఖననానికి ఆదేశించారు. అంతదాకా శవం మార్చురీలోనే ఉంది. ఊరి గడ్డలో ఎవరెవరిని ఏళ్లుగా పూడుస్తున్నారన్నది అటువంటి సమయంలో చరిత్ర ప్రశ్నగా మిగలదు. హక్కుకు అదే రుజువు.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ దూరదేశంలో దొరుకుతుంది. 1991లో న్యూయార్కు నగరం నడిబొడ్డున ప్రభుత్వ భవనం కోసం పునాది తవ్వుతుంటే ఆఫ్రికన్ల పాత శ్మశానం బయటపడింది. అక్కడ పేరు చెక్కిన రాళ్లు లేవు. నల్లజాతి ప్రజలు పట్టుబట్టడంతో పని ఆగింది. నాలుగు వందలకు పైగా అస్థిపంజరాలను అధ్యయనం చేసి 2003లో తిరిగి అక్కడే పూడ్చారు. 2006లో అది జాతీయ స్మారకమైంది. ఎముకల మీది అరుగుదల, నడుముకు కట్టిన పూసలు, శవపేటిక మేకులు – ఇవే అక్కడ శాసనాలు. ఆ పద్ధతి మనకు పరాయిది కాదు, హస్మత్‌పేటలో మన పురావస్తు శాస్త్రజ్ఞులు చేసే పనే. తేడా ఏమిటంటే అక్కడ తమవాళ్లని చెప్పుకొని ముందుకొచ్చిన జనం ఉన్నారు.

నమోదు ఎవరి పని

శ్మశానాల నమోదు చరిత్ర శాఖ పనో పురావస్తు శాఖ పనో అని తెలుగు శాఖలు ఇంతకాలం ఊరకున్నాయి. బొందలగడ్డ విషయంలో ఆధారం మౌఖికం. ఏడుపుల్లో చనిపోయినవారి పనిని, పోలికను, తిన్న కష్టాన్ని ఏకరువు పెడతారు. జాషువ పనిముట్లతో చేసినదాన్ని శోకాలు పాడే ఆడవాళ్లు అంతకుముందే చేస్తున్నారు. వాటిని జానపద సాహిత్యంగా సేకరించాం. ఏ బొంద దగ్గర ఎవరి గురించి పాడారన్నది మాత్రం రాసుకోలేదు. పాట సంపుటిలో చేరింది, చోటు జారిపోయింది. నా సొంత సిద్ధాంత వ్యాసానికి సేకరించిన పాటల్లో కూడా ఇదే లోపం ఉంది.

గుంత తవ్వేవాడు మరొక ఆధారం. హరిశ్చంద్ర కథలో కాటికాపరి సుంకం అడిగే మనిషిగా కనిపిస్తాడు. పల్లెలో అతడు గడ్డకు సజీవ నక్షా. కొత్త గుంత ఎక్కడ తవ్వవచ్చో, ఎక్కడ తవ్వితే పాత ఎముక తగులుతుందో అతనికి తెలుసు. క్షేత్ర పర్యటనలో మొదట కూర్చోవలసింది అతనితోనే. సాధారణంగా అతణ్ణి చివర, ఫొటో తీసేటప్పుడు పిలుస్తారు.

పద్ధతి విషయంలో పెద్ద ఖర్చు అవసరం లేదు. హద్దుల కొలత, చెట్ల గుర్తులు, రాళ్ల దిక్కులు, ఒక్కొక్క బొందకు దాని వారసులు చెప్పే మాట, ఏ ఇంటివారు ఏ వైపు పూడుస్తారన్న వివరం, పహాణీ నకలు – ఇవి ఒక విద్యార్థి బృందం ఒక సెలవుల కాలంలో చేయగల పనులు. రాతిపలకలున్నచోట అక్షరాలకు సుద్ద రుద్దకుండా, ఏటవాలు వెలుగులో ఫొటో తీస్తే చాలు. పాత పాలరాతికి తడికాగితం అంటించి అచ్చు తీయబోతే పెచ్చులు ఊడే ప్రమాదం ఉంది. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఎవరి గడ్డ ఎక్కడిదాకా ఉందో రాసి ప్రకటిస్తే ఊళ్లో అణిగి ఉన్న కులతగాదా లేవవచ్చు. కబ్జాదారుకు ఖాళీ జాగా ఎక్కడుందో చెప్పినట్టూ కావచ్చు. అందుచేత ప్రతి నమోదు ఒక ప్రతి ఆ గడ్డవారి చేతికి ముందు వెళ్లాలి. ఏది అచ్చు వేయాలో, ఏది వేయకూడదో వాళ్లే చెప్పాలి.

క్రాఫ్టన్ జాబితా వెలువడి ఎనభై ఏళ్లు దాటింది. అందులోని పద్దులను బొల్లారంలో మిగిలిన రాళ్లతో సరిచూడవలసిన పని ఒకటుంది. ఆ పని చేసేవారు అదే నోటుపుస్తకంలో, ప్రహరీగోడ అవతలి గడ్డకు కూడా ఒక పుట తెరవవచ్చు. రాబోయే పెత్రమాసకు అక్కడికి ఆకులు తెచ్చేవాళ్లు ఉంటారు. ఎవరు ఏ రాయి దగ్గర ఆగుతారో చూసి రాసుకోవడానికి ఆ ఒక్కరోజు చాలు.